షీటుకు పద్నాలుగు రూపాయలు

చీరలకు ఫాల్ కుట్టిన చెయ్యి ఇది,
వారాసిగూడ గల్లీల ఇరవై ఏండ్లు.
ఇప్పుడు చెట్లకు కుడుతున్న.

యూనివర్సిటీల రెండో అంతస్తు,
కలరా ఉండల వాసన కొట్టే గది.
ఎండిన కొమ్మ, దళసరి తెల్ల కాయితం, తెల్లదారం.
తొడిమె కాడ ఒక కుట్టు,
కొమ్మ వంగిన కాడ ఇంకొకటి,
ముడి వెనక దిక్కుకు.
పువ్వు మీదికి మాత్రం సూది పోనియ్యొద్దు.
షీటుకు పద్నాలుగు రూపాయలు.

ఈ ఏడు సీతాఫలం ఖాందాన్ వంతు అన్నరు.
నవ్వొచ్చింది నాకు.
సీతాఫల్‌మండిల పుట్టిపెరిగినదాన్ని,
బుట్టలల్ల కుప్పవోసి అమ్మే కాయకు
ఖాందానేంది, దానికి రికార్డేంది?

సోంబాయి మేడం నవ్వలే.
కనక సోంబాయి, ఉట్నూరు దిక్కు పిల్ల,
నా చిన్నచెల్లె ఈడుది, అయినా మేడమే.
బీరువా తీసి బల్లమీద పరిచింది:
రామాఫలం. లక్ష్మణఫలం.
కాంపౌండు గోడల పొంటి
అశోకచెట్టని మనం పిలిచే, అశోక కాని నరమామిడి.
మా మేనత్త కొప్పుల పెట్టుకునే మనోరంజితం,
మాగిన పండు వాసన, ఆకు రంగు,
ముక్కుకు దొరికినంక గంటకు గాని కంటికి దొరకదు.

"సీతాఫలం పువ్వు మొదట ఆడది, తర్వాత మొగది అయితది.
లోపటికి దూరేది తేనెటీగ గాదక్కా,
ఇంతంత నల్లపురుగు"
పక్కింటి ముచ్చట చెప్పినట్టే చెప్పింది.

అడుగున ఒక పాత షీటు, చిలకదుద్దుగ.
కొమ్మను ఆరబెట్టిన పేపరు ముక్క ఇంకా అంటుకొనే ఉన్నది,
సిన్మా ఆటల టైములు, సగం చిరిగిన బియ్యం ధర.
కిందికి, నీలిసిరా, ముత్యాల రాత:
రాయదుర్గం. బండల సందుల. పద్దెనిమిది అడుగులు.
కాయలు ఎరుపు, గుత్తులు గుత్తులు.
విరివిగా ఉన్నవి.

విరివిగా.
ఆ మాట మీద సోంబాయి వేలు చాలాసేపు ఉండిపోయింది.

నాలుగు ఐతారాలు తిరిగినం.
మెట్రో దిగితే అద్దాల మేడలు,
మేడల అద్దాలల్ల మేడలు.
బండలున్నయి అక్కడొకటి ఇక్కడొకటి,
ఎర్రపెయింటుతో నంబర్లేసినయి.

నాలుగో ఐతారం, ఒక సైటు గేటు కాడ
గదాధర్ అనే వాచ్‌మన్, ఒడిశాయన,
మా మాట ఆయనకు రాదు, ఆయనది మాకు రాదు.
ఫోన్ల బొమ్మ చూసిండు,
లేబర్ షెడ్ల వెనకకు నడిచిండు.

రెండు బండల నడుమ నెర్రెల నుంచి లేచింది చెట్టు,
మొదలుకు ప్లాస్టిక్ తాడు,
తాడు మీద చిన్నపిల్లల గౌన్లు, ఒక లుంగీ.
బండకు నంబరు నలభై రెండు.
చెట్టు కింద ఆయన బిడ్డ కాయలు తింటున్నది,
మూతంతా ఎరుపు.

సోంబాయి ఏడుస్తదేమో అనుకున్న.
టేపు తీసి చుట్టుకొలత రాసుకున్నది.
ఒకటే కొమ్మ కోసింది, పక్కకు.
తర్వాత మోకాళ్ల మీద కూసోని
పిల్ల ముంగట దోసిలి పట్టింది.
ఆ పిల్ల నోట్లెంచి ఉమ్మింది, ఒక్కొక్కటే.
పదకొండు గింజలు.

వచ్చే బేస్తవారం మందు పెడతరట బండకు,
చేతులతో చేసి చూపిచ్చిండు గదాధర్,
నోటితో ఆ సప్పుడు కూడ.

కొత్త షీటు నేనే కుట్టిన.
చెయ్యి వణకలే, ఫాల్ కుట్టిన చెయ్యి గద.
లేబుల్ మీద "విరివిగా" ఉండాల్సిన కాడ
సోంబాయి పెన్ను ఆగింది.
"ఒకటి" అని రాసింది.
కొంచెం సేపటికి దాని కింద
"బట్టలారేసే తాడు కట్టి ఉన్నది" అని కూడ.
ఆ షీటుకు కూడ పద్నాలుగే.

గింజలు మా ఇంటి మిద్దె మీద పెట్టిన,
పగిలిన బకెట్ల ఎర్రమట్టి పోసి.
వానలు ఆగేవరకు నాలుగు మొలిచినయి.
రెండేసి ఆకులు.
ఫోటో పంపితే సోంబాయి అన్నది,
"పూత చూడకుండ పేరు రాయొద్దక్కా."
ఎన్నేండ్లు పడ్తది?
"ఏడో, ఎనిమిదో. నాకు కూడ తెల్వదు."

బకెట్ల మీద సుద్దముక్కతోటి
ఒకటి, రెండు, మూడు, నాలుగు అని రాసిపెట్టిన.
వాన పడ్డప్పుడల్లా
మళ్ళ రాస్తున్న.